కాటాగారు తూచిన కరెంటు పెట్టె

మా మామగారి అసలు పేరు ఉత్తరాలు తెచ్చే మనిషికి తప్ప మా వీధిలో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన కాటాగారు. ఉద్యోగం చేసినంత కాలం తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజారు మొదట్లో ఆయన సైకిలు గంట వినపడితే చాలు, చివరి దుకాణంలో తక్కెడ కూడా నిటారుగా నిలబడేదట. చెప్పేది ఆయనే కాబట్టి సగం తీసేసి నమ్మాలి. మిగతా సగం మాత్రం నేను కళ్ళారా చూశాను.

ఏ వస్తువునైనా కుడి అరచేతిలో పెట్టుకుని, రెండుసార్లు మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బరువు చెప్పేస్తారు. ఉల్లిపాయలు, సబ్బు, తాళాలగుత్తి, పక్కింటి పిల్లి, ఏదైనా సరే. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజున నా చేతిసంచి అందుకుని లోపల పెడుతూ, "ఇంత బరువు రోజూ భుజానికి తగిలించుకుంటే మెడ పట్టేస్తుందమ్మా" అని గ్రాములతో సహా చెప్పారు. కోడలి సంచి తూచే మామగారి గురించి నేనెక్కడా వినలేదు. ఒళ్ళు మండిపోయింది. మా ఆయనతో చెప్పుకుంటే, "నిన్ను తూచలేదుగా, సంతోషించు" అన్నాడు.

మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సు బరువు చూసి ఏదో అంకె చెప్పింది. ఈయన మనవరాలిని చేతుల్లోకి తీసుకుని ముద్దు చేస్తారేమో అనుకున్నాం. రెండుసార్లు ఆడించి, "నీ మిషన్లో తువ్వాలు కూడా తూగింది తల్లీ" అన్నారు. నర్సుకు ముక్కు మీదే ఉంది కోపం. విసురుగా తువ్వాలు తీసి మళ్ళీ తూచింది. ఆయన చెప్పిందే వచ్చింది. ఆ నర్సు ఇప్పటికీ బజారులో ఆయన ఎదురుపడితే పక్క వీధిలోకి తిరిగిపోతుంది.

ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ముందు ఆ చేతిలోకి వెళ్ళి రావాల్సిందే. తలుపు గడియ, బకెట్టు, ఫ్యాను, చివరికి నా పెన్ను. బరువున్నదే మంచిదని ఆయన సిద్ధాంతం. "తేలిక సరుకూ తేలిక మాటా నిలబడవమ్మా" అంటారు. "దూది తేలికే కదా మామయ్యా, అదీ మంచిదేగా?" అని నేను ఊరుకోకుండా తగులుకుంటే, "మంచిదే. దాంతో తలుపు గడియ చేయించుకో" అనేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అలాంటి మనిషికి ఆ మధ్య కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అవస్థ. ఒకరోజు నేను తెచ్చిన ఉల్లిపాయల సంచి అందుకుని ఆడించి బరువు చెప్పారు. వంటింటి తక్కెడ ఇంకేదో చెప్పింది. తేడా కొద్దిగా కాదు, బాగానే ఉంది. ఆయన సంచి కింద పెట్టి, వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆ చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది.

డాక్టరుకు చూపిద్దామంటే, "వయసుకి మందేముందమ్మా" అని మాట తప్పించేవారు. అసలు సంగతి నాకు తెలుసు. చెయ్యి పోయిందని ఇంకొకరి నోట వినడం ఆయనకు ఇష్టం లేదు. ఆయన నా సంచి తూచినప్పుడు చిర్రుబుర్రులాడినదాన్నే. ఆ తూచడం ఆగిపోయేసరికి ఇల్లు బావురుమన్నట్టు అనిపించింది. నాకు నిజంగా బెంగ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నా కంప్యూటరు కన్నుమూసింది.

నేను ఇంట్లోనే కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. ముందుగది మూలన పెద్ద తెర, కింద నల్లటి పెట్టె, అదే నా ఆఫీసు. ఆ ఉదయం మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. దీపం వెలగదు, ఫ్యాను తిరగదు. లోపల అన్నిటికీ కరెంటు పంచిపెట్టే పవర్ సప్లై మీద నాకు అనుమానం వచ్చింది. పక్క మూత విప్పాను. దాన్ని మదర్‌బోర్డుకు తగిలించే వెడల్పాటి ప్లగ్గు ఊడదీసి, అందులో ఆకుపచ్చ తీగ చివరనీ, పక్కనున్న నల్ల తీగ చివరనీ వంచిన తలపిన్నుతో కలిపి మీట వేస్తే, బాగున్నదైతే దాని ఫ్యాను తిరగాలి.

"తలపిన్నుతో కరెంటుకి వైద్యమా!" అంటూ మామగారు వంటింట్లోకి పరుగెత్తి చెక్క గరిటె పట్టుకొచ్చారు.

"అదెందుకు మామయ్యా?"

"నీకేమైనా అయితే దీంతో పక్కకి నెడతాను. చెక్కలోంచి కరెంటు పారదు."

"ఈ తీగల్లో ఉండేది చిన్న కరెంటే. ఏమీ కాదు."

"అందరూ ముందు అలాగే అంటారు. నువ్వు కానియ్, నేనున్నాను" అని గరిటె ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

ఫ్యాను తిరగలేదు. పవర్ సప్లై పోయిందని తేలింది. మామగారు గరిటెతో దాన్ని ఒకసారి పొడిచి చూసి, "పోయింది" అని ధ్రువీకరించారు.

కొత్తది కొనడానికి వెళ్తూ, "మీరూ రండి మామయ్యా" అన్నాను. నాకు దుకాణంలో సాయం అక్కర్లేదు. ఆ చెయ్యి జేబులోంచి బయటికి రావాలి, అంతే. మా ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటూ, "నాన్నని తీసుకెళ్తే బండరాయి కొనుక్కొస్తారు ఇద్దరూ" అన్నాడు. ఆ నాలుక మీద మచ్చ ఉందేమో ఒకసారి చూడాలి.

దుకాణం ఇరుకుగా ఉంది. గోడల నిండా వేలాడే తీగలు, విప్పని అట్టపెట్టెలు. దుకాణదారు మా అవసరం విని మూడు పవర్ సప్లైలు తీసి బల్ల మీద పెట్టాడు. నేను వాటి పక్కన అతికించిన చీటీలు చదవడం మొదలుపెట్టాను. పైన పెద్ద అక్షరాల్లో ఎన్ని వాట్లని రాసినా, అసలు చూడాల్సింది కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. పన్నెండు వోల్టుల తీగ ఎన్ని ఆంపియర్లు ఇస్తుందన్నదే ముఖ్యం. బొమ్మలు గీసే కార్డూ, ప్రాసెసరూ తాగేది ఆ తీగలోంచే. మధ్యలో ఉన్నదానికి ఆ అంకె నిండుగా ఉంది. మూడోదానికి పై అంకె ఆకాశంలోనూ, కింది అంకె పాతాళంలోనూ ఉన్నాయి.

మామగారు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు, చెయ్యి జేబులో పెట్టుకుని.

"ఒకసారి పట్టుకుని చూడండి మామయ్యా" అన్నాను.

"నాకేం తెలుసమ్మా వీటి సంగతి."

దుకాణదారు కలగజేసుకున్నాడు. "అలా కాదు సార్. వీటిలో బరువుంటే సరుకున్నట్టే. లోపల రాగి చుట్టలు, అల్యూమినియం పలకలు ఉండాలి కదా. చవక సరుకు ఈకలాగా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు పట్టుకునే చెప్పేస్తారు."

అనుభవం అన్న మాట పనిచేసింది. ఆయన దగ్గరికి వచ్చారు. మొదటిది ఎత్తారు, పెదవి విరిచారు. రెండోది ఎత్తి, "ఫరవాలేదు" అన్నారు. మూడోది ఎత్తేసరికి కనుబొమలు పైకి లేచాయి. రెండుసార్లు ఆడించారు. ఎన్నాళ్ళకు చూశానో ఆ ఆడించడం! అంతలో ఆగి, పెట్టెను అటూ ఇటూ తిప్పి, "ఒక పక్కకి లాగుతోందేంటి?" అన్నారు. తర్వాత తన వేళ్ళకేసి చూసుకుని, గొంతు తగ్గించి, "నా తిమ్మిరిలే" అన్నారు.

"ఇదే తీసుకోమ్మా. దీంట్లో సరుకుంది."

చీటీ మీద పాతాళంలో ఉన్న అంకె నన్నే చూస్తోంది. వద్దనడానికి నోరు తెరిచాను. ఆయన మొహం చూశాను. గరిటె పట్టుకున్నప్పుడు కూడా అంత వెలుగు లేదు. నా కంప్యూటరేమీ కొండలు పిండి చేసేది కాదు, రాసినదాంట్లో సగమిచ్చినా నడుస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చదువుకున్నదాన్ని, చూస్తూ చూస్తూ అడుసు తొక్కాను.

ఇంటికి వచ్చి బిగించాం. ఆయన టార్చి పట్టుకున్నారు. వెనక మరలు విప్పి పాత పెట్టెను బయటికి లాగాను. కొత్తదాన్ని దాని ఫ్యాను కిందనున్న జాలీ వైపుకు వచ్చేలా జరిపి మరలు బిగించాను. వెడల్పాటి ప్లగ్గు మదర్‌బోర్డుకు, చిన్నది పైమూలన ప్రాసెసరు పక్కన, ఇంకొకటి కార్డుకు, సన్నటిది డిస్కుకు. ప్రతి ప్లగ్గూ కొక్కెం పడినప్పుడు టిక్కుమంటుంది. ఆ చప్పుడు ఆయనకు తెగ నచ్చింది. "అమరితే టిక్కు, అమరకపోతే లేదు. ముద్ర వేసినట్టే ఉంది" అన్నారు.

మీట నొక్కగానే ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. మామగారు టార్చి ఆర్పి, మీసాన్ని ఒకసారి దువ్వుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో పండగే. ఉప్పు పొట్లం తూచారు. మా ఆయన ఎడమ బూటు తూచి, కుడిదాని కంటే ఎక్కువుందని తేల్చారు. చూస్తే అందులో గులకరాయి ఉంది. నా చేతిసంచి తూచి, "తగ్గించలేదు నువ్వు" అన్నారు. నాకు ఒళ్ళు మండలేదు సరికదా, ఇంకో పుస్తకం అందులో పడేద్దామా అనిపించింది.

ఒక మధ్యాహ్నం మేడ ఇంటి ప్లానుకు రంగులు దిద్దుతున్నాను. అలాంటప్పుడు కంప్యూటరు బాగా వేడెక్కుతుంది. పెట్టెలో ఏదో ఊడిపడ్డట్టు టప్పుమంది. ఆ వెంటనే ఫట్టుమంది. తెర ఆరిపోయింది, నెత్తిమీద ఫ్యాను ఆగింది, ఫ్రిజ్జు మూలిగి ఊరుకుంది. ఇల్లంతా కాలిన వాసన. నేను గోడ మీది ప్లగ్గు పీకి వెనక్కి తిరిగేసరికి మామగారు గుమ్మంలో ఉన్నారు. ఈసారి గరిటె లేదు.

"అదేనా?" అన్నారు.

"అదే మామయ్యా."

ఆయన కుడిచెయ్యి ఎత్తి, పరాయివాడి చెయ్యిని చూసినట్టు చూసుకున్నారు. "గుండీ పెట్టుకోవడానికి కూడా పనికిరాని చెయ్యితో నీ బతుకుతెరువు తూచాను. ఇక నన్నేదీ అడక్కమ్మా" అన్నారు.

చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది. మర్నాడు మంచినీళ్ళ గ్లాసు ఇస్తే ఎడమచేత్తో అందుకున్నారు. నా కంప్యూటరు మొత్తంగా కాలిపోయిందో లేదో కూడా తెలియదు. అయినా నా గుండె గుభేలుమన్నది ఆ ఎడమచెయ్యి చూసే.

పాడైన పెట్టె పట్టుకుని దుకాణానికి ఒక్కదాన్నే వెళ్ళాను. నాలుగు దులుపుదామనే వెళ్ళాను. దుకాణదారు పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల గడగడమంది. "ఇందులో దొర్లేది ఏదీ ఉండకూడదే" అని, చేతికి తొడుగు వేసుకుని, మూత మరలు విప్పాడు.

బల్ల మీద ఠంగుమని ఒక ఇనప ముక్క పడింది. సబ్బు ముక్కంత ఉంది. ఒక వైపు పసుపుపచ్చటి జిగురు కారి గట్టిపడి ఉంది. లోపల చూస్తే రాగి చుట్టలు వేలెడేసి, పలకలు రేకుల్లా ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం.

"ఇదేంటండీ?" అన్నాను.

"బరువు కోసం పెట్టినట్టున్నారమ్మా" అన్నాడు తేలు కుట్టిన దొంగలా. "వేడికి జిగురు కరిగి, ఇది ఊడి తీగల మీద పడింది. ఒట్టమ్మా, పెట్టెల్లో మూసి వచ్చిన సరుకు, నేనెప్పుడూ విప్పి చూళ్ళేదు. పట్టుకుని చూసి కొనేవాళ్ళున్నారని తయారుచేసేవాడికీ తెలుసు మరి."

దులపాలనుకున్న నాలుగూ నోట్లోనే ఆగిపోయాయి. నాకు ఇంకేదో గుర్తొచ్చింది.

"ఇది ఎటు పక్క అతికించి ఉంది?"

అతను పెట్టె తిప్పి చూపించాడు. తీగలు బయటికి వచ్చే వైపుకు ఎదురుగా, ఒక మూలన జిగురు మచ్చ. పెట్టె మొత్తం ఆ పక్కకి లాగుతుంది. లాగాలి. లాగింది కూడా.

దుకాణదారు ఆ రోజు మధ్యలో పెట్టిన పవర్ సప్లై తీసి నా చేతిలో పెట్టాడు. నేను పాత డొల్లనీ, ఇనప ముక్కనీ కూడా అడిగి తీసుకున్నాను.

దారి పొడుగునా నాలో నేను కొట్టుకున్నాను. చెప్పకపోతే తన చెయ్యి పోయిందనుకుని ఆ కుర్చీలోనే ఉండిపోతారు. చెబితే ఇంకో గొడవ. జీవితమంతా తక్కువ తూకం వేసేవాళ్ళని పట్టుకున్న మనిషి, ఎక్కువ తూకం వేసినవాడి చేతిలో మోసపోయారని చెప్పాలి. పరువు పోవడం మేలా, చెయ్యి పోవడం మేలా? మా వీధి మలుపు తిరిగేదాకా ఇదే గోల. పరువు మళ్ళీ సంపాదించుకోవచ్చులే అని గేటు తీశాను.

ఆయన ఒడిలో ఇనప ముక్క పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన దాన్ని తిప్పి జిగురు వైపు చూశారు. తర్వాత మొహం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచి, పాత ఇన్‌స్పెక్టరు గొంతుతో, "తక్కువ తూచినవాడిని ఎలా పట్టుకోవాలో నాకు తెలుసు. ఎక్కువ తూచినవాడి మీద ఏమని కేసు రాయాలి? వినియోగదారుడికి ఇనుము ఉచితంగా ఇచ్చాడనా?" అన్నారు. అనేసరికి ఆయనకే నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో టక్కున ఆగారు.

"ఎక్కడ అతికించాడు?"

డొల్ల చూపించాను. జిగురు మచ్చ మీద ఆయన వేలు పెట్టారు.

"లాగుతోందని నేనన్నాను కదూ?"

"అన్నారు. చెయ్యి చెప్పింది మామయ్యా. మీరే నమ్మలేదు."

ఆయన కళ్ళు చెమర్చాయి. నావీ అంతే. దాచుకోవడానికి నేను వంటింట్లోకి వెళ్ళి తక్కెడ తెచ్చాను. ఆయన ఇనప ముక్కను కుడి అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఆడించి, "మూడు వందల గ్రాములకి కాస్త తక్కువ" అన్నారు. తక్కెడ మీద పెడితే మూడు వందలకి కాస్త ఎక్కువే చూపించింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం తల పంకించారు.

"మొద్దుబారింది. పోలేదు. మొద్దుబారిన కత్తికి సాన పెట్టిస్తాం గాని పారేస్తామా? డాక్టరు ఎన్నింటికి ఉంటాడు?"

"ముందు నా కంప్యూటరు సంగతి చూడండి" అన్నాను. కొత్త పవర్ సప్లై ఆయన చేతిలో పెట్టి, "బరువు చెప్పద్దు. చీటీ నేను చదివాను, అంకెలు బాగున్నాయి. ఏ పక్కకైనా లాగుతోందేమో అది చెప్పండి" అన్నాను.

కళ్ళు మూసుకుని పట్టుకున్నారు. "లాగట్లేదు. ఏది ఎక్కడుండాలో అక్కడే ఉంది."

ప్లగ్గులన్నీ టిక్కుటిక్కుమన్నాయి. మీట నొక్కే ముందు ఆయన ఒక్క క్షణం ఆగమని చెక్క గరిటె తెచ్చుకున్నారు. నొక్కాను. నా మేడ ఇల్లు, రంగులు దిద్దుతూ వదిలేసిన చోటే, గోడ చెదరకుండా కనపడింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపలికి పంపే ముందు అక్కడి నర్సు బరువు చూసే మిషన్ ఎక్కమంది. మామగారు ఎక్కారు. అంకె చదువుకున్నారు. దిగి, జేబులోంచి ఆ ఇనప ముక్క తీసి నా చేతిలో పెట్టి మళ్ళీ ఎక్కారు. నర్సు నోరు తెరుచుకుని చూస్తోంది. నేను పైకప్పు వైపు చూస్తున్నాను. అంకె సరిగ్గా ఆ ముక్క బరువంత తగ్గింది.

"మిషన్ నిజం చెబుతోంది తల్లీ" అన్నారు దిగుతూ. "పద, చెయ్యి చూపించుకుంటాను."

డాక్టరు గది తలుపును ఆయన కుడిచేత్తోనే తోశారు.